దొంగ ముందు, అప్ప వెనక

మా పైయింటి మేష్ట్రు పోయినాడని మాకు ముందుగా తెలిపింది నీళ్ళ మోటారు. రోజూ పొద్దున ఆరు గంటలకు మెట్లు దిగి వచ్చి, మోటారు వేసి, తొట్టి నిండేదాకా దాని పక్కనే నిలబడేది ఆయనే. పోయిన నెల ఒక మంగళవారం ఆరున్నర దాటినా మోటారు మోగలేదు. నేను కుళాయి తిప్పి చూసి, ఇది నా మీద కోపంతో చేసిన పనే అనుకున్నాను. ముందు రోజు సాయంత్రం మెట్ల దగ్గర ఆయన నన్ను చూసి నవ్వాడు, నేను నవ్వలేదు. దానికి బదులు తీర్చుకుంటున్నాడని నా లెక్క. ఏడు గంటలకు మా అమ్మాయి ఉష పైకి పోయింది. పోయినంత వేగంగా కిందికి వచ్చి, "మేష్ట్రు లేయడం లేదు" అని వాకిట్లోనే కూలబడిపోయింది. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు.

మనిషి పోయిన పొద్దున కూడా ఆయన్ని అనుమానించినవాణ్ణి నేను. ఆ మాట మొదటే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. ఇది చదివే మీకు ఆయన ఎవరో తెలియదు, నేనూ తెలియదు. నాకు రాయడం అలవాటు లేదు. అయినా ఈ నెల రోజులుగా నా లోపల సంతోషం, బాధ ఒకే గ్లాసులో పోసినట్టుగా ఉన్నాయి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొంగి పోయేటట్టున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి. పీణ్యలో ఒక చిన్న మిషను షాపులో ముప్పై ఒక్క సంవత్సరాలు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. నా చేతిలో ఎప్పుడూ ఒక గేజీ ఉండేది. దానికి రెండు కొనలు. గో అనే కొన రంధ్రంలో దూరాలి, నో-గో అనే కొన దూరకూడదు. రెండూ సరిపోతేనే ఆ పీసు మంచిది. చేసినవాడు మన స్నేహితుడా, నిన్న మనకు టీ ఇప్పించాడా అన్నది చూడకూడదు. ముందు అనుమానించాలి, గేజీ ఒప్పుకుంటే తరువాత నమ్మాలి. రిటైరైన రోజు గేజీని దాని పెట్టెలో పెట్టి ఇచ్చేశాను. ఆ కన్ను మాత్రం నాతోనే యలహంక బస్సెక్కి ఇంటికి వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆ కంటికి దొరికింది మా అమ్మాయే. ఒక్కతే కూతురు. హూడిలో కంప్యూటరు ఉద్యోగం చేసేది. ముప్పై మూడేళ్ళప్పుడు ఆ ఉద్యోగం పోయింది. వేరేది చూసుకోక, గదిలో కూర్చుని ఒక చిన్న మిషను చేతిలో పట్టుకుని ఆడుతుండేది. మొదటి జీతంతో కొనుక్కున్నదట. ఒకసారి తొంగి చూస్తే దాని తెర మీద అన్నీ జపాను అక్షరాలు. ఆఫీసు పని కోసం ఆ భాష నేర్చుకుందట. ఒక వాక్యం వచ్చేది, ఇది బటను నొక్కేది, మళ్ళీ ఇంకో వాక్యం వచ్చేది. అది చూసి నవ్వేది. నాకు అనుమానం పుట్టింది. ఎవడో జపానువాడు దీనికి ఉత్తరాలు రాస్తున్నాడని, అందుకే వచ్చిన సంబంధాలన్నీ వద్దంటోందని తీర్మానించుకున్నాను. అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌లో పీసును అడగం కదా.

ఒక ఆదివారం అది గుడికి పోయినప్పుడు ఆ మిషను తీసి, వీధిలోకి వచ్చిన గుజరి బండిలో, పాత ఇనుము కొనేవాడి బండిలో, పాత సామానుతో పాటు వేసేశాను.

సాయంత్రం ఇల్లంతా వెదికి, చివరికి నా ముఖం చూసి దానికి అర్థమైంది. అరవలేదు. "దాంట్లో నా ఆట ఉండింది నాయనా. మూడేండ్ల ఆట" అంది. నాయనా అన్న పిలుపు అదే ఆఖరు. మరుసటి రోజు నుంచి మాట్లాడేది, కానీ పిలిచేది కాదు. "అన్నం పెట్టినాం." "కరెంటు పోయింది." "ఎవరో వచ్చినారు." ఏ మాట చివరా నేను లేను. మా ప్రాంతం మాటలు వినని వాళ్ళకు ఇది చిన్నగా కనిపించవచ్చు. మేము ఆంధ్రా, కన్నడ దేశం సరిహద్దు వాళ్ళం. మాకు పిలుపు లేని వాక్యం ఉప్పు లేని సంగటి. అప్పా, అమ్మా, నాయనా అనకుండా మాకు నోరే తిరగదు. అట్లాంటిది తొమ్మిది నెలలు నా కూతురు నన్ను పిలవకుండా నాతో మాట్లాడింది.

మేష్ట్రు సంగతికి వస్తాను. మేష్ట్రు అంటే కన్నడంలో పంతులు. ఆయన గౌరిబిదనూరు వైపు బడుల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక ఆరేళ్ళ క్రితం మా పైన ఉన్న ఒంటి గదిలోకి అద్దెకు వచ్చాడు. పెన్సిలు బ్లేడుతోనే చెక్కేవాడు, ఆ పొట్టు కిందపడకుండా ఖాళీ అగ్గిపెట్టెలో దాచేవాడు. ఎందుకని అడిగితే, "చెత్త కాదప్పా, పువ్వు మాదిరి ఉండాది చూడు" అనేవాడు. కారం బొరుగులంటే ప్రాణం. అన్నిటికంటే వింత అలవాటు ఒకటుంది. దగ్గర్లోనే విమాన దళం వాళ్ళ స్థావరం ఉంది, మా ఇళ్ళ మీదుగా యుద్ధ విమానాలు పోతుంటాయి. ఆ మోత వచ్చినప్పుడు ఇక్కడి వాళ్ళం గొంతు పెంచి మాట్లాడతాం. ఆయన మాత్రం చూపుడువేలు పైకెత్తి ఆగిపోయేవాడు. మోత తగ్గాక, ఆగిన మాటను ఆగిన అక్షరం దగ్గర నుంచే మళ్ళీ ఎత్తుకునేవాడు. ఇంత నిదానం ఉన్న మనిషి దగ్గర ఏదో దాపరికం ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

గుజరి సంగతి జరిగిన రెండు నెలలకు ఆయన మా వాకిట్లోకి వచ్చి ఉషను పిలిచాడు. "పాపా, మా మేనకోడలు ఏందో మిషను ఒకటి ఇడిసిపెట్టి పోయింది. దాన్ని ఎట్లా ఆడేదో నాకు తెలీదు. కొంచెం చూపిస్తావా?" ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగైతే మా అమ్మాయి పైన. మెట్ల తలుపు తీసే ఉంచేవారు, మా ఇంటామె, ఉష వాళ్ళమ్మ, బొరుగులు కలిపి తనే పైకి తీసుకుపోయేది, కొన్నిసార్లు అక్కడే ఉండిపోయేది. ఆ మిషనులోది కొత్తగా చేసిన ఆటేనట. కానీ ముప్పై నలభై ఏళ్ళనాటి జపాను ఆటల మాదిరిగా కనిపించేటట్టు చేశారట. బొమ్మలన్నీ గళ్ళు గళ్ళుగా ఉంటాయి. నలుగురు ఊరూరు తిరిగి, సత్రాల్లో పడుకుని, గుహల్లో దూరి, దయ్యాలతో కొట్లాడతారు. కొట్లాటలో కూడా ఒకరి తరువాత ఒకరు వంతు వేసుకుని కొట్టుకుంటారట. మా ఇంటామె వచ్చి ఇదంతా చెబుతుంటే, వంతులు వేసుకుని కొట్టుకునే దయ్యాలు ఎక్కడైనా ఉంటాయా, వీళ్ళు ఏదో కప్పిపుచ్చుతున్నారు అనుకున్నాను.

తరువాత ఒక మాట నా చెవిన పడింది. కింద నేను గిన్నెలు కడుగుతుంటే పైకిటికీలోంచి ఉష గొంతు. "అప్ప ఎనక ఉండాడు, నాకేం బయం లేదు."

అప్పా అన్నది మేము పిలుపులో కుక్కపిల్లను కూడా అంటాం. కానీ 'అప్ప' అని విడిగా, అక్కడెక్కడో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు అంటే, కన్నడంలో దానికి తండ్రి అని ఒకటే అర్థం. పైన ఉన్న మగమనిషి ఒక్కడే. నా దగ్గర నాయన అన్న మాట పోయింది, పైన అప్ప అన్న మాట పుట్టింది. ఇంక లెక్క సరిపోయినట్టే కదా. చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని కుళాయి పారుతుంటే నిలబడిపోయాను. నా కూతురు నన్ను వద్దనుకుని వేరే తండ్రిని చూసుకుంది.

అప్పటి నుంచి ఆయన దిగితే ఒక కన్ను, ఎక్కితే ఒక కన్ను. ఒక రోజు గాలికి పై వరండాలోంచి ఒక కాగితం మా వాకిట్లోకి వచ్చి పడింది. మేష్ట్రు రాతే, గుండ్రంగా, తెలుగులో ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ఇప్పటికీ నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది.

దొంగ ముందు. అప్ప వెనక. అమ్మ మందు ఇయ్యాలి. ముసలాయన పడుకున్నాక తాళంచెవి తీసుకునేది. వంతెన దాటితే మళ్ళీ వెనక్కి రాలేం.

మీరు నవ్వుతారు. నాకు చెమట పట్టింది. అప్ప అంటే మేష్ట్రు. అమ్మ అంటే మా ఇంటామె. ముసలాయన అంటే ఈ ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? నాకు మందు పెట్టి పడుకోబెట్టి, బీరువా తాళం తీసుకుని, నా కూతుర్ని ఏదో వంతెన దాటించేస్తున్నారు. అప్పుడే మా ఇంటామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు వైపు చూశాను, ఆమె వైపు చూశాను. గ్లాసు కింద పెట్టి, కాగితం పట్టుకుని మెట్లెక్కాను.

మేష్ట్రు గుమ్మంలోకి వచ్చాడు. లోపల చాప మీద ఉష ఆ మిషను చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇది మీ రాతే కదా?" అన్నాను.

"నా రాతే. యాడ దొరికిందప్పా? నిన్నట్నుంచి ఎతకతా ఉండాం."

"ఇందులో దొంగ ఎవరు?"

"నేనే" అన్నాడు. ఇంకేదో చెప్పబోయేసరికి విమానం వచ్చింది. ఆయన వేలు ఎత్తాడు. ఆ మోత పోయేదాకా నేను కోపమంతా నోట్లో పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. కోపాన్ని అంతసేపు పట్టుకుంటే అది చల్లారి ఎబ్బెట్టుగా తయారవుతుందని నాకు అప్పుడే తెలిసింది. మోత పోయింది. "నేనే దొంగని. పదహైదో లెవెలు దొంగ" అని మేష్ట్రు ముగించాడు.

"నవ్వులాటగా ఉండాదా మీకు? ముసలాయనంటే నేనే కదా? మందు ఎవరికి? తాళంచెవి ఏ ఇంటిది?"

"అయ్యో, ముసలాయన వంతెన కాడ కావలి ఉండేవాడప్పా. వాని దగ్గర తాళంచెవి ఉండాది. ఎంత బతిమాలినా ఇయ్యడు. ఎవరు పోయినా దొంగోళ్ళే అనుకుంటాడు." నా వైపు చూసి, "మంచోడే కానీ" అన్నాడు.

ఈలోగా మా ఇంటామె నా వెనకాలే మెట్లెక్కి వచ్చింది. ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని చదివింది. "మజ్జిగ యాల తాగలేదో ఇప్పుడు తెలిసింది. నేనేం కలపలేదు, వచ్చి తాగు. ఆటలో అమ్మంటే నేను. మందాకులిచ్చి అందర్నీ బతికించేదాన్ని, సంపేదాన్ని కాదు."

ఉష తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. నాకు సిగ్గయింది, కానీ అసలు ప్రశ్న ఇంకా నోట్లోనే ఉంది. "మరి అప్ప ఎవరు?" అన్నాను.

మేష్ట్రు ఉష వైపు చూశాడు. అది నవ్వు ఆపేసి, వద్దన్నట్టు తల ఊపింది. చిన్నగానే. నా కన్ను దాన్ని వదల్లేదు.

"అది నేను చెప్పేది కాదప్పా. లోపలికి రా, కూర్చో. ఆట చూద్దువు. దయ్యాలు యాడికీ పోవు, కాచుకోని ఉంటాయి" అన్నాడు.

నేను గడప దాటలేదు. దొంగ సంగతి తేలింది, అప్ప సంగతి తేలలేదు. గేజీ ఒక కొన ఒప్పుకుంది, రెండో కొన ఒప్పుకోలేదు. కిందికి దిగి మజ్జిగ తాగాను.

వారం తరువాత ఆయనే కిందికి వచ్చాడు, చంకలో పొడుగు నోటుబుక్కు. నా పక్కన మెట్టు మీద కూర్చుని తెరిచాడు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గుహల పటాలు. నేను జీవితమంతా డ్రాయింగులు చూశాను, ఇంత శుభ్రమైన గీత చూడలేదు. ఆ ఆటలో పటం ఇవ్వరట, నడిచినన్ని గళ్ళు లెక్కపెట్టి ఎవరిది వాళ్ళే గీసుకోవాలట.

"ఈ గుహలో ఇంకేదో ఉండాదని పాప అంటాది. నాకు కనబడ్లేదు. నీ కన్ను పెట్టి చూడప్పా."

నన్ను మంచి చేసుకోవడానికి వచ్చాడని తెలుసు. అయినా డ్రాయింగు చేతికొస్తే నేను ఊరుకోలేను. లోపలికి పోయి స్కేలు తెచ్చుకున్నాను. కింద వసారా పొడవు ఇరవై నాలుగు గళ్ళు. దాని పైన మూడు గదులు. గదులు, మధ్య గోడలు కలిపి కూడితే ఇరవై. రెండోసారి కూడాను. ఇరవయ్యే.

"ఈ నాలుగు గళ్ళు ఏమైనాయి?" అన్నాను.

"అది గోడ కదప్పా. మందం గోడ. అందుకే నల్లగా దిద్దినా."

"మిగతా అన్ని చోట్లా గోడ ఒక గడి మందం. ఇక్కడ నాలుగు గళ్ళ గోడ ఎవడు కడతాడు మేష్ట్రూ? అంత సిమెంటు యాడిది? ఇది గోడ కాదు. ఇక్కడ గది ఉండాది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నోటుబుక్కు మూసి మెట్లెక్కి పోయాడు. పావుగంట గడిచింది. పైన ఏదో కేక. మెట్ల మీద పరుగు. ఉష సగం మెట్లు దిగి, నన్ను చూసి ఆగిపోయింది. ఊపిరి ఆడడం లేదు దానికి.

"ఉండాది" అంది. "గది ఉండాది."

అంతే. తిరిగి పైకి పోయింది. నాయనా అనలేదు. కానీ అడగకుండా, పని లేకుండా, నాకు చెప్పాలనే వచ్చి చెప్పిన మొదటి మాట అది, ఏడు నెలల్లో. నేను ఆ మెట్టు మీదే చాలాసేపు కూర్చున్నాను. ఆ గదిలో ఒక డాలు దొరికిందట. ఎవరికో పెట్టారట. ఎవరికో నేను అడగలేదు.

మరుసటి రోజు మోటారు దగ్గర మేష్ట్రు నాతో ఒక మాట అన్నాడు. నా అనుమానం గురించి ఇంట్లో, ఫ్యాక్టరీలో అందరూ తిట్టినవాళ్ళే. ఆయన ఒక్కడే ఇట్లా అన్నాడు. "నమ్మేవాడైతే గోడని గోడే అనుకుంటాడు. నువ్వు నమ్మలేదు కాబట్టి గది దొరికింది. అనుమానం మంచి పనిముట్టేనప్పా. యాడ పెట్టాలో చూసుకోవాల, అంతే. మనుషుల మీద పెడితే గీత పడతాది."

ఆయన మాటకు నేను కరిగిపోయానని రాయాలని ఉంది, కానీ అబద్ధమవుతుంది. డ్రాయింగు మేష్ట్రుకు నాలుగు గళ్ళు తేడా కనబడలేదంటే నేనెట్లా నమ్మేది? కావాలనే కనబడనట్టు నటించాడని ఆ రోజే అనుకున్నాను. ఇప్పటికీ సగం అదే అనుకుంటున్నాను. ఉషను అడిగితే నవ్వుతుంది గానీ చెప్పదు. అయినా తరువాతి రెండు నెలల్లో వారానికి ఒకటి రెండు పటాలు కిందికి వచ్చేవి. నేను లెక్క చూసి, సరిపోతే మూలన చిన్న టిక్కు పెట్టేవాణ్ణి. ఫ్యాక్టరీలో పెట్టిన టిక్కే. ఆయన ఆ టిక్కును వేలితో తడిమి చూసేవాడు.

ఆ ఆఖరి సోమవారం మళ్ళీ కిటికీలోంచి ఉష గొంతు. "అప్ప లేకుంటే మనం ఈ పొద్దు అందరం సచ్చిపోయుందుం." దాంతో నాలో అణిగిందంతా మళ్ళీ లేచింది. సాయంత్రం మెట్ల దగ్గర మేష్ట్రు నవ్వాడు. చేతిలో నోటుబుక్కు ఉంది, తెరవబోయాడు కూడా. నేను చూడనట్టు లోపలికి వచ్చేశాను. తెల్లవారి మోటారు మోగలేదు.

పదకొండో రోజున ఆయన మేనకోడలు గది ఖాళీ చేయడానికి వచ్చింది. పోతూపోతూ మా ఇంట్లోకి వచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చింది. అందులో ఆ మిషను, నోటుబుక్కు, పొట్టు దాచిన అగ్గిపెట్టె ఉన్నాయి. "మామ ముందే చెప్పినాడు, ఇవి కింది ఇంట్లో ఇయ్యాలని" అంది.

"నువ్వు విడిచిపెట్టి పోయినదే కదమ్మా, నువ్వే తీసుకో" అన్నాను.

ఆమె వింతగా చూసింది. "నేను ఇడిసిపెట్టడమేంది? మామే పట్టుబట్టి నాతో తెప్పించుకున్నాడు. ఇట్లాంటి ఆటే కావాలని చీటీ రాసిచ్చినాడు. మీ పాపకి ఇష్టమంట కదా."

ఆడడం తెలియదని, ఎవరో వదిలి పోయారని ఆయన మా వాకిట్లో నిలబడి చెప్పిన రోజు నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. అది నా గేజీకి దొరకని అబద్ధం.

ఉష ఆ పెట్టెను ముట్టుకోలేదు. నాలుగైతే లేచి మెట్ల దాకా పోయి, మళ్ళీ వచ్చి కూర్చునేది. నాలుగైదు రోజులు చూశాను. ఒక మధ్యాహ్నం మా ఇంటామె, ఉష వంటింట్లో ఉండగా నేనే మిషను తీసి చార్జి పెట్టి బటను నొక్కాను. తెర వెలిగింది. ఒక సత్రం, దాని ముందు నాలుగు బొమ్మలు, బొటనవేలు గోరంత ఒక్కొక్కటి. పక్కన నాలుగు పేర్లు ఇంగ్లీషులో. ఇంగ్లీషు పెద్ద ఏబీసీడీలు నాకు వచ్చు, జాబ్ కార్డుల మీద ముప్పై ఏళ్ళు చదివాను. ఒక్కొక్క పేరుకు నాలుగే అక్షరాలు. ఉష. అమ్మ. మూడోది ఎం, ఈ, ఎస్, టీ. మేష్ట్రులో మొదటి ముక్క అది, ఆయన బొమ్మ వీపున సంచి ఉంది, దొంగ అన్నమాట. నాలుగోది ఏ, పీ, పీ, ఏ.

మేష్ట్రు మేష్ట్రుగానే ఉన్నాడు. మరి ఈ అప్ప ఎవడు?

మిషను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "ఈ అప్ప ఎవరు? ఇప్పుడైనా చెప్పు" అన్నాను. గొంతులో అనుమానమే ఉంది, దాచలేదు.

ఉష చేతిలో కొత్తిమీర కట్ట. నన్ను చూసింది, మిషనును చూసింది. "నాలుగు అక్షరాలే పడతాయి దాంట్లో. నాయన అని ఇంగ్లీషులో రాస్తే ఎన్ని అయితాయో లెక్కబెట్టు."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎన్, ఏ, వై, ఏ, ఎన్, ఏ. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతిలో ఒక వేలు.

"ఆరు" అన్నాను.

"నాయన పట్టలేదు నాయనా" అంది.

నాయనా అన్న సంగతి దానికే తెలియలేదు. కొత్తిమీర తుంచుతూనే ఉంది. మా ఇంటామె మాత్రం పొయ్యి దగ్గర చెయ్యి ఆపి నా వైపు చూసింది. నేను గుమ్మం పట్టుకున్నాను.

"నా మీద కోపంగా ఉన్నప్పుడు నన్నెందుకు పెట్టుకున్నావు?" అని అడిగాను.

"మొదట మేము ముగ్గురమే. నాలుగోవాడు నడిమధ్యలో వస్తాడు, పేరు పెట్టమంటాది. ఏం పెట్టాలని ఉంటే, ఆ పొద్దు మేష్ట్రు ఒక మాట చెప్పినాడు. నా మిషను పోయిన మర్నాడు నువ్వు గుజరి అంగట్లో కింద కూర్చోని, ఇనుప సామాను అంతా తిరగేసి ఎతికినావని. పాత ఫ్రేములు కొననీకి పోయినప్పుడు చూసినాడంట. నువ్వు రెండు గంటలు ఎతికినావంట. నాకు చెప్పనే లేదు కదా నువ్వు."

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చేతులకు గ్రీసు అంటుకుంటే బస్టాండు కుళాయి దగ్గర కడుక్కుని ఇంటికి వచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. అందరినీ చూసేవాణ్ణి నేనే అనుకుంటాను కదా, నన్ను చూసిన కన్ను ఒకటి ఉందని నాకు తెలియలేదు. ఆయన చూశాడు, నవ్వుకోలేదు, నలుగురిలో అనలేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన రోజున చెప్పాడు.

"మరి అప్పని వెనకెందుకు పెట్టారు?" అని అడిగాను.

"ముందర వచ్చేది అందరికీ కనబడతాది. ఎనక నుంచి వచ్చే దెబ్బ ఎవరికీ కనబడదు. అందుకే అప్పని ఎనక పెట్టినాం, డాలు దొరికినాక అదీ అప్పకే ఇచ్చినాం. అది మేష్ట్రు లెక్క. అనుమానం మనిషి ఎనక ఉంటే మంచిది అన్నాడు."

నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఇంత సంతోషం ఈ వయసులో వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే వాణ్ణి అనుమానించేవాణ్ణి. ఇప్పుడు నాలుగైతే నేను, ఉష చాప మీద కూర్చుంటాం. బటన్లు నా చేతిలో. వేళ్ళు మందం, తప్పు నొక్కుతాను, అది తిడుతుంది. "అటు కాదు నాయనా, ఇటు. ఏం నాయనా, గోడకి గుద్దుకుంటావు." రోజుకు నలభైసార్లు అంటుంది. నేను లెక్కపెట్టడం మానేశాను.

మేష్ట్రు నోటుబుక్కు నా ఒళ్ళో ఉంటుంది. అన్ని పటాల మూలలా నా టిక్కులున్నాయి. ఆఖరి పేజీలో మాత్రం లేదు. ఆ పటంలో ఒక చోట పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన సన్నగా రాసి ఉంది: "ఇక్కడ రెండు గళ్ళు తేలడం లేదు. కిందాయన్ని అడగాలి." ఆ సోమవారం సాయంత్రం ఆయన మెట్ల దగ్గర తెరవబోయిన పేజీ అదే అయి ఉండాలి.

నేను స్కేలు పెట్టి మూడుసార్లు చూశాను. నిజమే, రెండు గళ్ళు తేలడం లేదు. నిన్న ఆ గుహలోకి పోయి, సున్నా చుట్టిన చోటికి నడిచాం. ఈ ఆటలో నలుగురూ ఒకరి వెనక ఒకరు వరుసగా నడుస్తారు, ముందువాడు ఎక్కడ మలుపు తిరిగితే మిగతావాళ్ళు సరిగ్గా అక్కడే తిరుగుతారు. గోడ దాకా పోయాక పైన విమానం వచ్చింది. ఉష చూపుడువేలు పైకెత్తింది. నేను బటను మీద వేలు అట్లాగే ఉంచి ఆగాను. తెర మీద నలుగురూ ఆ గోడ ముందర నిలబడి ఉన్నారు. వీపున సంచితో ముందు మేష్ట్రు. డాలు పట్టుకుని వెనక నేను.